ఇంజను నొసటి రాత

బయ్యారం సెంటర్లో ముప్పై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్న బిక్షపతి తన పనికి తనే ఒక అర్థం చెప్పుకున్నాడు. మరకు పట్టిన మత్తు వదిలించేది కనక మరమ్మత్తు. ఊరి మీద కూడా అతనికో మాట ఉంది: ఇక్కడి నేలలో ఖనిజం ఉంది గానీ, అందులో నిజమెంతో ఎవరూ తేల్చలేదు. అంతటి మాటకారి ఆ మంగళవారం పొద్దున జీపులో మాత్రం దారిని చేత్తోనే చూపిస్తూ కూర్చున్నాడు.

జీపు నడుపుతున్నది పాలకుర్తి ఆసామి జగపతి. ఆయన కొట్టంలో తండ్రి కొన్న డీజిల్ అంబాసిడర్ ఉంది. దాని రిజిస్ట్రేషన్ గడువు నెలాఖరుతో సరి. మళ్లీ చేయించుకుందామని పోతే తనిఖీ చేసినాయన ఇదివరకెవరూ ఎత్తని బానెట్ ఎత్తి, ఇంజను మీద కొట్టిన నెంబరు వేరు, ఆర్సీలో ఉన్న నెంబరు వేరు అన్నాడు. ఆరా తీస్తే ఇరవై రెండేళ్ల కింద జగపతి బాబాయి చేసిన ఘనకార్యం బయటపడింది. మరమ్మత్తుకు బద్ధకించి అసలు ఇంజనును పాతసామాన్ల వాడికి తూకానికి వేసి, కాయితాల్లేని ఇంజనొకటి బిగించాడు. అసలుది దొరక్కపోతే కారు తుక్కే. స్టీరింగ్ పట్టడం తండ్రి ఒళ్లో కూర్చుని నేర్చుకున్న కారు అది. దాన్ని తూకానికి వెయ్యడమంటే జగపతికి తండ్రిని రెండోసారి సాగనంపినట్టుంది.

వెతుక్కుంటూ మానుకోట పోతే, అక్కడి పాతసామాన్ల ముసలాయన బిక్షపతి పేరు చెప్పాడు. జగపతి వచ్చి సూటిగా అడిగాడు. బిక్షపతి కూడా సూటిగానే, ఆ ఇంజను తండాలో పిండి గిర్నికి తనే బిగించానని చెప్పేశాడు. చెప్పినప్పటి నుంచి నాలుక కరుచుకుంటూనే ఉన్నాడు.

ఎందుకంటే ఆ గిర్ని ద్వాళిది. ఆమె మొగుడు బాల్‌సింగ్ భూపాలపల్లిలో బొగ్గు లారీల మీద కూలి, నెలకోసారి ఇంటికొస్తాడు. మూడు తండాల జొన్నలూ బియ్యమూ మిరపకాయలూ ఆమె దగ్గరికే వస్తాయి. గిర్నికి గిరాకీ ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. జగపతీ ద్వాళీ ఒకరికొకరు ఏమీ కారు. మధ్యన ఉన్నదల్లా కారు.

వాళ్లు చేరేసరికి ద్వాళి అప్పుడే అరబస్తా మిరపకాయలు పట్టి ఇంజను ఆపింది. గాలి నిండా ఎర్ర దుమ్ము. కారు కోసం వచ్చిన జగపతికి ముందుగా కారం ఎదురైంది. ఏడు తుమ్ములు తుమ్మి, కండువాతో ముక్కు మూసుకుని జీపు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడి నుంచే చెయ్యూపాడు, నువ్వు చూడు అని.

బిక్షపతి సంగతంతా ద్వాళికి చెప్పాడు. ఆమె అంతా విని చివరికి నెంబరు ఎక్కడుంటదో చూపించమంది.

నెంబరు కొట్టేది ఇంజను పక్కన, హెడ్డనే పైమూత కింద, ఇనుమును చదునుగా చెక్కిన చోట. బిక్షపతి వంగి చూసి నీరసపడ్డాడు. అక్కడ నెంబరు లేదు, బొట్టు ఉంది. ఇంజను ఒళ్లంతా గడ్డలూ గుంటలూ, చదునైన నొసలు అదొక్కటే. దసరా దసరాకు ద్వాళి అక్కడే పసుపు రాసి, చెరిగిపోకుండా ఎర్ర పెయింటుతో బొట్టు పెట్టింది. ఇరవై రెండు దసరాలు వేలి మందాన పేరుకున్నాయి.

గీకడానికి అతనికి చెయ్యి రాలేదు. ద్వాళే అతని చేతిలోంచి రేకుముక్క తీసుకుంది. “నేను పెట్టింది నేనే తీస్త. ఇంకొకలు తీస్తే మంచిది కాదు,” అంది.

పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఎరుపు, పసుపు, మళ్లీ ఎరుపు. అడుగున ఇనుము తేలాక బిక్షపతి గుడ్డ కిరసనాయిల్లో ముంచి తుడిచాడు. పల్చటి కాయితం అద్ది, పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దాడు. ముందు ఏ రకం ఇంజనో చెప్పే అక్షరాలు వచ్చాయి. వాటి వెనక ఒక్కో అంకే తెల్లగా లేచింది. జేబులోని ఆర్సీ నకలు తీసి పక్కన పెట్టాడు. అక్షరాలు కలిశాయి. అంకెలన్నీ కలిశాయి. చివరిది మూడు.

ఎంత అరిగిపోయిన మూడంటే, పెన్సిల్ వెనక రబ్బరుతో ఎడమపక్క రెండు గీతలు తుడిస్తే ఎనిమిది.

గడప అవతల జగపతి ఇంకా తుమ్ముతున్నాడు. బిక్షపతి గొంతు తగ్గించాడు. “చెల్లె, గీ మూడును ఎనిమిది జేస్త. ఇది గాదు పటేలా అంటే పాయె. ఆయన దారి ఆయనది, నీ గిర్ని నీది.”

ద్వాళి కాయితం వంక చూసింది. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు, కాటా మీద బతుకు కదా.

“నువ్వు నిజం జెప్తే ఇది నేను కొన్న ఇంజన్ అన్నా,” అంది. “అబద్ధం జెప్తే దొంగ ఇంజన్ అయితది. దొంగ ఇంజన్ పెట్టుకుని రేపు మందికి పిండి ఎట్ల పట్టియ్యాలె?”

బిక్షపతి పెన్సిల్ చెవి మీద పెట్టుకుని బయటికొచ్చి కాయితం చేతికిచ్చాడు. “గిదే పటేలా.”

జగపతి కాయితాన్ని ఎండకు పట్టి మూడుసార్లు చదివాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అదంతా కారం పనే అనలేం. వెంటనే లోపలికొచ్చి, ఎంత కావాలో చెప్పమ్మా, ఇప్పుడే ఇచ్చి ఇంజను ఎత్తించుకుపోతా అన్నాడు.

“పైసలు పిండి పట్టవు పటేలా,” అంది ద్వాళి. “మీ నాయినదంటున్నరు, తీస్కపోండ్రి. నేను అడ్డం రాను. గని ముందుగాల ఇంకో ఇంజన్ తెచ్చి బిగియ్యిండ్రి. అది నడిస్తెనే ఇది లేస్తది.”

జగపతి గడువు గుర్తుచేశాడు, నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నాయన్నాడు. గడువు ఆయనదని, ఆకలి మూడు తండాలదని ద్వాళి గుర్తుచేసింది. ఆయన ఏదో అనబోయి, గోడవారన పేర్లు రాసి వరసగా పెట్టిన గోనెసంచులు చూసి ఆగాడు. ఏ ఇంజనైతే బాగుంటుందని బిక్షపతిని అడిగాడు. భూపాలపల్లిలో గనుల నుంచి దిగిన పాత డీజిల్ ఇంజన్లు అమ్మే యార్డు ఉందని బిక్షపతి చెప్పాడు. మనిద్దరం పోయి తెద్దామన్నాడు జగపతి.

“మీరిద్దరు తెచ్చుడేంది?” అంది ద్వాళి, గిర్నికి తాళం వేస్తూ. “నడిపేది నేను.”

ఆ మధ్యాహ్నం యార్డులో అమ్మకందారు ఇంజను మీది రేకు చూపించి హార్స్‌పవర్ ఇంతని లెక్కలు వల్లించాడు. ద్వాళి ఆ రేకు వంక చూడలేదు. నడిపించమని, ఇంజను పక్కన అరచెయ్యి ఆనించి నిలబడింది. మొదటిదానికి నిమిషంలో తల అడ్డంగా ఊపింది. చెయ్యి జిల్లుమంటుంది, గిర్ని రాళ్లు అదురుతాయి, పిండి బరకగా వస్తుందని చెప్పింది. రెండోదాన్ని అంతసేపు కూడా ఉంచలేదు. బిక్షపతికి మెల్లగా అర్థమైంది: ఆమె వినడం చేత్తో. ఇన్నేళ్ల గిర్ని చప్పుడులో చెవులకు చేతకానిది చేతికి అలవాటయింది.

మూడోదాని మీద చెయ్యి తియ్యలేదు. ఐదు నిమిషాలయింది, పది అయింది. అమ్మకందారు డీజిల్ కాలిపోతోందని గొణిగితే, కాలనియ్యమన్నాడు జగపతి. పావుగంట అయ్యాక ఆయన కూడా వచ్చి, కొంచెం మొహమాటంగా, ఆమె చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూశాడు. ఏం తెలిసిందో గానీ తల ఊపాడు.

“జొన్నలకు చాలు. మిరపకాయలకు జర చూడాలె,” అంది ద్వాళి చెయ్యి తీస్తూ. “రేపు పొద్దుగాల బిగించు అన్నా. మాపటిదాంక పట్టి చూస్త. మంచిగున్నదంటే పటేల్ తనది తీస్కపోతడు.”

“బాగలేకపోతే?” అన్నాడు జగపతి.

“మళ్ల ఈడికే వద్దం.”

జగపతి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. తరవాత డబ్బు కట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, యార్డు ముందు కిరాయికి మాట్లాడిన ట్రాలీ ఆటో వెనక తలుపు తనే దించి, గొలుసుకు వేలాడదీసిన ఇంజనుకు అటు కొస పట్టమని బిక్షపతిని పిలిచాడు.