మూడో అంతస్తులో దేవదూత

క్రిస్మస్ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు లిఫ్టు మెకానిక్ తన కూతురి వీపుకు అట్టముక్క రెక్కలు కడుతుండగా ఫోను మోగింది. నిజానికి ఆ రోజు డ్యూటీ అతనిది కాదు. “నీ పండగ కదా, నేను చూసుకుంటాలే” అని మాటిచ్చిన తోటి మెకానిక్ భార్యకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. పది వీధుల అవతల ఒక అపార్టుమెంటులో మూడు, నాలుగు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందట. లోపల ఒక పెద్దావిడ ఉందట.

చర్చిలో పిల్లల నాటకం పదింటికి. పాటల బృందంలో ఉన్న భార్య ఏడింటికే వెళ్లిపోయింది. నాటకంలో ఆరేళ్ల కూతురు బుల్లి దేవదూత, నాలుగేళ్ల కొడుకు గుండు గొర్రె. పోయిన ఏడాది బుల్లి స్టేజీ ఎక్కి, జనాన్ని చూసి, నోరు పెగలక ఏడుస్తూ దిగిపోయింది. అప్పటినుంచి బడిలో లేచి నిలబడి చదవమన్నా తల వంచుకునేది. ఈసారి తండ్రి నెల రోజులు పక్కన కూర్చుని కథంతా నేర్పాడు. “ముందు వరసలో నేనుంటాను, నన్నే చూస్తూ చెప్పు” అన్నాడు. ఆ మాట మీదే పిల్ల ఒప్పుకుంది.

చిన్నపిల్లలను ఇంట్లో వదలలేక, దేవదూతనూ గొర్రెనూ పనిముట్ల సంచినీ స్కూటరెక్కించుకుని బయలుదేరాడు.

మూడో అంతస్తులో లిఫ్టు ముందు నిలబడి “అమ్మా, కంగారు పడకండి!” అని వాచ్‌మన్ కంగారుగా కేకలు పెడుతున్నాడు. లోపలినుంచి తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు.

“ఊపిరాడట్లేదు! నేనింక బతకను!”

మెకానిక్ పైనున్న మెషిన్ గదిలోకి వెళ్లి కరెంటు తీసేసి, చక్రం చేత్తో తిప్పుతూ లిఫ్టును మెల్లగా దించాలి. ఈలోగా లోపలి మనిషి భయంతో తలుపు లాగితే ప్రమాదం. ఎవరో ఒకరు ఆవిడతో మాట్లాడుతూ ఉండాలి.

“నేను మాట్లాడేకొద్దీ ఇంకా బాదుతోందన్నా” అన్నాడు వాచ్‌మన్.

“నీ గొంతు వింటే నాకే భయమేస్తోంది.” మెకానిక్ కూతురి వైపు తిరిగాడు. “బుల్లీ, లోపల ఒకావిడ భయపడుతోంది. నువ్వు మాట్లాడమ్మా.”

“ఏం మాట్లాడను?”

“దేవదూత మొదట ఏమంటాడు?”

బుల్లి తలుపుకు మొహం ఆనించింది. “భయపడకండి. మీకు మంచి కబురు తెచ్చాను.”

బాదడం ఆగింది. “ఎవరది?”

“దేవదూతని.”

“అయ్యో, అప్పుడే వచ్చేశారా!”

“మే” అన్నాడు గుండు.

“అదేంటి?”

“మా తమ్ముడు. వాడు గొర్రె. మీరు ఆంటీనా, అమ్మమ్మనా?”

“రిటైరైన లెక్కల టీచర్ని!”

“అయితే టీచర్, తలుపు లాగకండి. మా నాన్న దించేస్తాడు. అందాకా కథ చెబుతాను.”

మెకానిక్ మెట్ల మీద పరుగు తీశాడు. వాచ్‌మన్ అతనికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు. పైన చక్రం తిప్పుతున్నంతసేపూ కథ మెకానిక్ చెవిన పడుతూనే ఉంది.

“ఆ ఊళ్లో వాళ్లకి ఎక్కడా గది దొరకలేదు.”

“ముందే కబురు చేసుకోవాలి కదా!”

“అప్పుడు ఫోన్లు లేవు టీచర్.”

కథ పశువుల పాక దాటి పొలంలోకి వచ్చేసరికి వాచ్‌మన్ అరిచాడు. “ఆపన్నా, సమానంగా వచ్చింది!”

మెకానిక్ దిగి వచ్చి తాళంచెవితో తలుపు తెరిచాడు. టీచర్ బయటికొచ్చి, వంగిన రెక్కనూ దూది అంటించుకున్న గొర్రెనూ చూసి నవ్వింది. అంతలోనే మెట్టు మీద కూలబడింది. వాచ్‌మన్ మంచినీళ్లు ఇచ్చాడు. టైము పదికి పది నిమిషాలు తక్కువ.

“పదండి పదండి, ఇప్పుడు బయలుదేరితే అందుకుంటాం” అన్నాడు మెకానిక్.

“ఆగవయ్యా. కాపరులు ఇంకా పొలంలోనే ఉన్నారు. లెక్క సగం చేసి పలక తుడిచేస్తామా?”

“కొంచెమే ఉంది నాన్నా” అంది బుల్లి.

అప్పుడు చూశాడతను. కేకలు విని అపార్టుమెంటంతా మెట్ల మీదికి చేరింది. పైమెట్ల మీదా కిందిమెట్ల మీదా కలిపి పాతికమంది ఉంటారు. బుల్లి వీపు వాళ్ల వైపుంది. ‘తిరక్కు తల్లీ’ అనుకున్నాడు మెకానిక్. పిల్ల తిరిగింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పిల్లకు ఎదురుగా వచ్చి కనబడదామని అతను మనుషులను తోసుకున్నాడు గాని, దారి దొరకలేదు.

“కూర్చోండి” అంది బుల్లి జనంతో. “ముందువాళ్లు నిలబడితే వెనకవాళ్లకి ఎలా కనపడుతుంది?”

అందరూ కూర్చున్నారు. బుల్లి కాపరులను నిద్ర లేపింది, దారి చెప్పింది, పాక దాకా నడిపించింది. గొర్రె అరవాల్సిన చోటా, అరవకూడని చోటా అరిచింది.

మెకానిక్ ఫోను మోగింది. “ఎక్కడున్నారండీ? మనవాళ్ల వంతు వచ్చేసింది!” అంది భార్య. అతను ఫోను కూతురి వైపు చాచి పట్టుకున్నాడు. ‘హలో, హలో’ అన్న భార్య, కూతురి గొంతు గుర్తుపట్టి తనూ వినసాగింది.

గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకున్నాడు. ‘లిఫ్టు ఆగినందుకు స్తోత్రం చెప్పడం బాగుండదు ప్రభువా, పాపం ఆవిడ హడలిపోయింది’ అనుకున్నాడు. ‘ఆ ఒక్కటీ వదిలేసి, మిగతా అన్నిటికీ చెబుతున్నాను.’