గొనారియా తలమీది గోధుమ గడ్డి

గొనారియా రోజూ తలుపు మూసుకుని చీకట్లోనే తల దువ్వుకునేది. మొగుడు చనిపోయిన యేడు ఆమె జుట్టంతా రాలి, ఆ చోట గోధుమ గడ్డి మొలిచింది. సార్డీనియా దీవి కొండల్లోని ఆ ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. నీళ్లు చల్లుకుంటున్నావా అని మాత్రం అడిగేవారు.

విధవ తలమీద నల్లగుడ్డ తీయకూడదు. అందుకే ఆ గడ్డి వెలుగెరగక, కొవ్వొత్తిలా తెల్లగా పెరిగేది. ఎండ తగిలితే ఏమవుతుందో చూడాలని గొనారియాకు ఒకటే కుతూహలం. రొట్టెల బట్టీ బస్తియానో ఆమెను పెళ్లాడతానని అడిగి చలికాలం గడిచిపోయింది. అత్త సిదోరా ఒప్పుకోకుండా నల్లగుడ్డ తీసేదెలా, జవాబు చెప్పేదెలా?

ఈస్టరు ముందు గురువారం చర్చిలో క్రీస్తు సమాధి దగ్గర తెల్లటి గోధుమ మొలకల పళ్లేలు పెడతారు. తడి దూదిమీద గింజలు చల్లి, అలమరలో చీకటిగా ఉంచి పెంచాలి. ఆ యేడు వంతు సిదోరాది. పండగ దుప్పటి కోసం అలమర తెరిచిన ఆవిడ, మూయడం మరిచిపోయింది. మొలకలన్నీ పచ్చబడ్డాయి.

"కొంప మునిగిందే! రేపు చర్చిలో తలెలా ఎత్తుకోను?" అని కూలబడింది సిదోరా. కాసేపటికి ఆవిడ చూపు కోడలి తలమీద పడింది.

"కోసుకోండి అత్తయ్యా. కానీ మళ్లీ మొలిచిందాన్ని నేను ఎండలో పెట్టుకుంటాను."

"సరే, సరే, ముందు తల వంచు."

కోసిన గడ్డిని తడి దూదిలో గుచ్చి ఎర్ర రిబ్బను చుట్టారు. గొనారియా తలదైతే బాగుండక ఏమవుతుందని అందరూ మెచ్చుకున్నారు.

ఈస్టరు పొద్దున గొనారియా గుడ్డ విప్పి వాకిట్లో కూర్చుంది. కేకలేయడానికి వచ్చిన సిదోరా, తానిచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయింది. గడ్డి అప్పుడే వేలెడు పెరిగింది. చూస్తుండగానే కొసలు పసుపు తిరిగి, తర్వాత పచ్చబడ్డాయి. ఆ పచ్చదనం మెల్లగా కిందికి దిగసాగింది.

"కొసలే ముందెందుకే?" సిదోరా కళ్లజోడు సర్దుకుని వంగింది.

"పాతవి అవే కదా అత్తయ్యా. గడ్డి అడుగునుంచి పెరుగుతూ పాతదాన్ని పైకి నెడుతుంది. అడుగున ఉన్నది ఇవాళ పుట్టిన పిల్ల. దానికింకా ఎండతో వంట చేసుకోవడం రాదు."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"నా తలమీద పెరిగేది నాకు తెలీదా? పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అయినా నోరంతా తియ్యగా ఉంది."

సిదోరా ఆ లేత మొదళ్లను వేలితో తడిమింది. "దీనికీ వస్తుందా, ఆ వంట?"

"వెలుగులో ఉంచితే వస్తుంది."

ఆవిడకు ఏడుపొచ్చింది. నల్లగుడ్డ తీసుకుని చంకలో పెట్టుకుంది. "పోవే, ఇలాగే పో. పండగ ఊరేగింపులో వాడుంటాడు."

గొనారియా వీధి మధ్యనుంచి నడిచింది. చర్చి మెట్ల దగ్గర బస్తియానో ఆమెను చూసి, గబగబా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అతని నీడ ఆమె తలమీద పడింది.

"సరే," అంది గొనారియా. "ఎండకు మాత్రం అడ్డం నిలబడకు."