అంటు కింది చిగురు

మే నెల సగమైంది. ఆ చలిదేశపు ఊళ్లో బీచ్ అనే జాతి చెట్లన్నీ మళ్లీ ఆకు తొడిగాయి, నేల్చె అనే ఆవిడ పెరట్లోది తప్ప. కొడుకు యోరిస్ జబ్బుతో పోయే ముందు తన చేత్తో అంటు కట్టిన చెట్టది. కొమ్మలన్నీ మానుకి హత్తుకుని స్తంభంలా నిటారుగా ఎదిగే జాతి. అసలే అక్కడిది తడి నేల. దానికితోడు చలికాలమంతా కాలవ పొంగి, నీళ్లు వేళ్లను వదల్లేదు. నేల్చె బకెట్లతో తోడుతూనే ఉంది. కాలవ నీళ్లు బకెట్లతో తరుగుతాయా, పిచ్చి తల్లి!

రోజూ గోటితో బెరడు గీకి, లోపల పచ్చదనం కోసం చూసేది. ఎక్కడ గీకినా గోధుమరంగే. అయినా మర్నాడు ఇంకో చోట గీకేది.

ఆ ఉదయం చెట్టు మొదట్లో జానెడు చిగురు కనబడింది. చెక్క చెప్పులు వదిలేసి కాలవ గట్టుకి పరుగెత్తింది.

"ఒరేయ్ వౌటర్! బతికిందిరా, నా చెట్టు బతికింది!"

"వస్తున్నా వదినా, కాలవలో పడేవు!"

మరిది వౌటర్ జన్మంతా అంటు కట్టినవాడు. పెరట్లోకొచ్చి, వంగి, చిగురు మొదట్లో మట్టి తప్పించి చూశాడు.

"బెల్లం కొట్టిన రాయిలా కూచున్నావేం?"

"ఇది అంటు కింద నించి వచ్చింది వదినా. అడుగు మొక్కది, మామూలు అడివి బీచ్. మనవాడు కట్టింది పైది. అది పోయింది."

"నీ నోరు పడిపోను! ఇదీ నిటారుగానే ఉందిగా?"

"నాలుగేళ్లు పోతే ఎటుబడితే అటు చేతులు చాపుతుంది."

నేల్చె కూలబడింది.

"కిందటి చలికాలం ఈ చెట్టునించి నువ్వొక్క పుల్ల అడిగావు, ఇంకో మొక్కకి అంటు కడతానని."

"ఇప్పుడెందుకులే."

"నా కొడుకు చెట్టుకి కత్తి తగిలితే చేతులు విరగ్గొడతానన్నాను. నేనే చంపేశాన్రా వాణ్ణి, రెండోసారి."

అని, అతని జేబులోంచి నార లాక్కుని, ఒక పుల్ల పాతి చిగురుని దానికి కట్టడం మొదలెట్టింది. "మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఇప్పుడే కడతాను. ఎలా నిలబడదో చూస్తా!"

చుట్టు మీద చుట్టు. లేత ఆకులు నలిగి నీరు కారాయి.

"బిగించకు వదినా, అదీ చస్తుంది!"

ఆమె చేతులు ఆగిపోయాయి. విప్పబోతే ముడి రాలేదు. వౌటర్ నార కోద్దామని జేబులోంచి అంటు కత్తి తీసి, ఆమె ముఖంలోకి చూశాడు.

ఈసారి ఆమె వద్దనలేదు.