ఎగిరిపోయిన మూత

నేను ఒక మూతను. కూరగిన్నె మూతను కాదు, ఉపగ్రహంలో బ్యాటరీ పెట్టె మీది మూతను. చూపులకు పళ్ళెమంత ఉంటాను, పొగరు మాత్రం బానంత. ప్రస్తుతం భూమి చుట్టూ గిర్రున తిరుగుతున్నాను. కళ్ళు తిరుగుతున్నాయి, కానీ ఎంత బాగుందో!

పుట్టింది హైదరాబాదులో, బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో. అక్కణ్ణుంచి సువర్చల గారి చేతికొచ్చాను. ఆవిడ ఉపగ్రహాలు కట్టే ఇంజనీరు. భర్త నరహరి గారు వాటిని పడగొట్టే క్షిపణి కట్టే ఇంజనీరు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, అంటే ఏడాది పాటు చేసిన కుండలు ఒక్క కర్రదెబ్బకు పోతాయని. ఇక్కడ కుమ్మరీ గుదియా ఒకే ఇంట్లో కాపురం!

మా ఉపగ్రహాన్ని కట్టిందే క్షిపణి పరీక్షలో గురి చూసి కొట్టడానికి. అయినా సువర్చల గారు ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, నాకు కుంకుమ బొట్టు పెట్టి మరీ పంపారు. పగలబోయేదానికి వర్జ్యం తప్పించడం మనుషులకే చెల్లింది.

ఆ వారమంతా వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఇదే గొడవ. నాకెలా తెలుసంటారా? నా కథ నేను చెప్పుకుంటుంటే సాక్ష్యాలడుగుతారేం?

"శత్రువు మీదికొస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటావా? మన దగ్గరా ఉందని తెలిస్తే ఎవడూ మన జోలికి రాడు," అనేవారు నరహరి గారు.

"కూర్చోమన్లేదండీ. పైన పగిలిన ముక్కలు ఎవరు ఊడుస్తారంటున్నా. వాటికి మనవాళ్ళూ పరాయివాళ్ళూ అని తేడా ఉంటుందా?"

"తక్కువ ఎత్తులోనే కొడుతున్నాంగా! కొన్నాళ్ళకు అన్నీ దిగి కాలిపోతాయి. నువ్వు పప్పు వెయ్యి."

క్షిపణి వచ్చింది. అబ్బ, ఏం గురి! చప్పుడు లేదు, ఒక్క మెరుపు. నా తోబుట్టువులు చాలామంది బుద్ధిగా కిందికి దిగి కాలిపోయారు. నేను మాత్రం తగిలిన తాపుకు ఇంకా పైకెగిరాను. కింద మిఠాయిలు పంచుకున్నారు. నరహరి గారికి దండలు వేశారు.

కొన్ని వారాలకు బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. దాన్ని కనిపెట్టుకుని ఉన్న వాతావరణ ఉపగ్రహం కూడా సువర్చల గారు కట్టిందే. సముద్రం మీది పడవలను వెనక్కి పిలవాలంటే అది పంపే బొమ్మలే ఆధారం. సరిగ్గా దాని దారిలోకే నేను హుషారుగా పోతున్నాను! రాడార్ నన్ను పట్టేసింది. కబురు తెలిసి నరహరి గారు భార్య పనిచేసే కంట్రోల్ రూముకు పరుగెత్తుకొచ్చారు.

"మనం పగలగొట్టినదాంట్లోని పళ్ళెమంత ముక్కేనండీ," అన్నారు సువర్చల గారు.

"ఆ వేగంలో అది పళ్ళెం కాదు, పిడుగు. పక్కకు జరుపు, సువర్చలా!" అని అరిచారు నరహరి గారు.

"జరిపితే ఇంధనం ఖర్చయి దాని ఆయుష్షు తరుగుతుంది."

"జరపకపోతే అసలుకే మోసం!"

ఆవిడ ఆజ్ఞ పంపారు. ఉపగ్రహం బద్ధకంగా కాస్త పైకి జరిగింది. దాని కిందుగా సర్రున దూసుకుపోయాను. నాకే భయమేసింది, నిజం.

ఉపగ్రహం జరిగేటప్పుడు ఆగిన తుఫాను బొమ్మ తెర మీద మళ్ళీ కనబడింది. బతుకంతా తగిలించడమే చదువుకున్న నరహరి గారు "తగల్లేదు! తగల్లేదు!" అంటూ గంతులేశారు. సువర్చల గారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అది మళ్ళీ వస్తుందండీ," అన్నారు.

వస్తున్నాను మరి! దారిలో ఎవరున్నా కాస్త తప్పుకోండి బాబూ. ఎగరడం నేర్పారు గానీ, ఆగడం నాకెవరూ నేర్పలేదు.