కుట్రదారుల కనుబొమలు

మ్యూజియంలో బొమ్మలు చేసే మైనం మేస్త్రి దగ్గర చెడ్డవాళ్లకని ఒక్కటే అచ్చు ఉండేది. పైకి ఎగసి, ముక్కు దగ్గర కలుసుకునే కనుబొమల అచ్చు. రెండు వందల ఏళ్ల కిందట రాజును చంపిన నలుగురు కుట్రదారులకూ అదే వాడేశాడు మహానుభావుడు. నలుగురూ ఒక తల్లి బిడ్డల్లా తయారయ్యారు.

బొమ్మల కింద పెట్టే పలకలు రాసే అమ్మాయికి అసలు చిక్కు నాలుగోవాడితో వచ్చింది. రాజుగారి గుర్రపుశాలలో పనిచేసిన ఆ మనిషి స్వయానా ఆమె అత్తగారి వంశానికి మూలపురుషుడు. ఆ బొమ్మల గది ప్రారంభోత్సవానికని అత్తగారు కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నారు.

"మా తాత దేవుడు. కరువులో ధాన్యం కొట్లకు తాళాలేసిన రాజుని చంపితే తప్పా? ఒక్క చెడ్డ మాట రాశావో, నీ చేతి కాఫీ ముట్టను!"

అత్తాకోడళ్లకు పొద్దున్నే కలిసి కాఫీ తాగడమంటే ప్రాణం. కోడలు బిక్కుబిక్కుమంటూ పాత విచారణ కాగితాలు తిరగేసింది. తాత తన గింజలన్నీ ఇరుగుపొరుగుకు పంచాడు. ఎంత కొట్టినా తోటివాళ్ల పేర్లు చెప్పలేదు. చదువుతుంటే ఆమెకే గర్వమనిపించింది. తర్వాతి కాగితంలో ఉసూరుమంది. రాజు గదికి వెళ్తూ తాత గుమ్మం కాపలావాణ్ణి పొడిచేశాడు. వాడు చేసిన నేరమల్లా "ఎవరది?" అని అడగడం.

పలకకు నలభై మాటలే. కాపలావాణ్ణి వదిలేసి, చోటు చాల్లేదంటే అడిగే నాథుడు లేడు. కానీ ఆమెకు చెయ్యాడలేదు. గింజలూ రాసింది, కాపలావాణ్ణీ రాసింది. తర్వాత మేస్త్రి మీద పడింది.

"ఆ కనుబొమలు తీసేయండి మేస్త్రిగారూ."

"తీసేస్తే మంచోడిలా కనిపిస్తాడమ్మా!"

"మంచో చెడో పలక చదివి తేల్చుకుంటారు. మీరు ముందే తేల్చేస్తే నేనెందుకిక్కడ?"

మేస్త్రి సణుక్కుంటూనే నలుగురికీ గీకేశాడు.

ప్రారంభోత్సవం నాడు అత్తగారు తాత మొహం చూసి మురిసిపోయారు. కళ్లజోడు పెట్టుకుని పలక చదివారు. మళ్లీ చదివారు. మొహం వాడిపోయింది.

"ఈ కాపలావాడికి పెళ్లాంబిడ్డలున్నారా?"

"ఇద్దరు పిల్లలు అత్తయ్యా."

ఆవిడ తాత బొమ్మ పక్కనున్న ఖాళీ జాగా చూపించి మేస్త్రిని పిలిచారు.

"ఇక్కడ ఆ పిల్లల తండ్రిని కూడా నిలబెట్టవయ్యా. మైనం మిగిలిందా?"

"నాలుగు జతల కనుబొమలు మిగిలాయమ్మా," అన్నాడు మేస్త్రి.

అత్తగారు పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకున్నారు.

"పద, కాళ్లు పీకుతున్నాయి. కాఫీ పెడుదువుగాని."