సూర్యుడి వెంట ఏడు వేల కిలోమీటర్లు

మా ఊరు పాడాంగ్ నుంచి జెడ్డాకు ఏడు వేల కిలోమీటర్లు, తొమ్మిది గంటల ప్రయాణం. మధ్యాహ్నం విమానం ఎక్కుతాం కాబట్టి దారిలోనే పొద్దుగూకుతుందని మా అత్తగారు శ్యాంసినార్ లెక్క వేసుకుంది. ఆవిడ మొక్కు ఆ లెక్క మీదే ఉంది.

నా భార్య యుర్నిదా చావు తప్పి బయటపడింది. కూతురు లేచి తిరిగితే మక్కాకు బయలుదేరే రోజు ఉపవాసం ఉంటానని అత్తగారు మొక్కుకుంది. ఆ రోజు నేనూ ఉపవాసమే. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే, అత్తగారి మొక్కుకు అల్లుడు పోటీకి దిగాడని మావాళ్లు నెల్లాళ్లు నవ్వుకుంటారు. అసలే మా మినాంగ్ తెగ ఇళ్లలో అల్లుడు ఎన్నాళ్లయినా కొత్త చుట్టమే. ఆవిడ ఇప్పటికీ నన్ను పేరు పెట్టి పిలవదు, పెళ్లినాడు ఇచ్చిన బిరుదుతో 'సుతాన్' అంటుంది. నేను ఆవిణ్ణి మా భాషలో 'అమక్', అంటే అమ్మా, అని పిలుస్తాను.

విమానంలో భోజనాలు వచ్చాయి. కడుపు బాగాలేదని చెప్పి నా పళ్లెం తిప్పి పంపాను.

చేతి గడియారంలో పాడాంగ్ పొద్దుగూకే వేళయింది. అత్తగారు ఉపవాసం విప్పడానికి తెచ్చుకున్న రుమాలు ముడి మీద చెయ్యి వేసి, చీకటి పడిందో లేదో చూద్దామని కిటికీ తెర ఎత్తింది. ఎండ వచ్చి ఒళ్లో పడింది.

"ఏంటి సుతాన్, ఈయనకి ఇంటికెళ్లే ఉద్దేశం లేదా?"

"మనమూ ఆయన వెనకాలే పడమటికి పరిగెడుతున్నాం కదా, అమక్! జెడ్డాలో దిగాక కూడా పొద్దుంటుంది."

"ముందే చెప్పొచ్చుగా!"

"నాకూ ఇప్పుడేగా తట్టింది!"

ఆవిడ పెదాలు ఎండి పగిలాయి. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ప్రయాణంలో ఉన్నవాళ్లకి సడలింపు ఉంది. మొక్కు ఇంకో రోజు తీర్చుకోవచ్చు. ముందు మంచినీళ్లు తాగండి."

"నా బిడ్డ సంగతి ఇంకో రోజు చూద్దాంలే అన్నాడా దేవుడు?"

నేను చెయ్యి చాచి కిటికీ తెర దించాను.

జెడ్డాలో దిగి, బస్సెక్కి కూర్చున్నాక, ఎట్టకేలకు సూర్యుడు మేడల వెనక్కి దిగాడు. మసీదులో బాంగు వినిపించింది. ఆవిడ రుమాలు ముడి విప్పింది. అందులో రెండు ఖర్జూరాలున్నాయి.

"ఒకటి మీది. తెల్లారకముందే వంటింట్లో దొంగలా అన్నం తింటుంటే నాకు వినపడదనుకున్నారా?"

"మరి నీళ్లు తాగమని నేను కసురుతుంటే ఊరుకున్నారేం?"

"ఆకలికి అరుస్తున్నారులే అనుకున్నా."

ఖర్జూరం నా అరచేతిలో పెట్టి, తనది పట్టుకుని కూర్చుంది. మా ఇళ్లలో అల్లుడు తిన్నాకే అత్తగారు ముద్ద ముడుతుంది. అంత దాహంలోనూ ఆవిడ నా కోసం ఆగింది. యుర్నిదాను నాకు మిగిల్చిన దేవుడికి, ఆమెను కని నాకిచ్చిన ఈ తల్లికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను? ఇంకొక్క క్షణం కూడా ఆవిణ్ణి ఆపకూడదని ఆ ఖర్జూరం గింజతో సహా మింగేశాను.