నేను లేని నెల

“జీతం ఇవ్వని పనికి అంతదూరం ఎవరైనా వెళ్తారా?” అన్నారు మా ఆయన సత్యప్రసాద్, వెళ్లిరానా అని నేనడిగితే. అప్పుడు నేను అత్తయ్యకు అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ కలిపి, చెంచాతో పెడుతున్నాను. ఆవిడకు పక్షవాతం వచ్చి ఐదేళ్లయింది. కుడివైపంతా పడిపోయింది. ముద్ద ఎడమ బుగ్గన పెట్టాలి, మింగేదాకా ఆగాలి, లేకపోతే పొలమారుతుంది. చేస్తున్న పని ఆపకుండానే చెప్పాను, టికెట్టు, తిండి, ఉండడానికి చోటు వాళ్లే ఇస్తారని. “నేననేదీ అదే. కూలికి కూడా కాదు, ఊరికే” అని నవ్వారాయన. ఊరికే చేసే పని ఎలా ఉంటుందో నాకు కొత్తగా చెబుతున్నట్టు.

నేను బాపట్లలో వ్యవసాయం చదివాను. పెళ్లయి భిలాయి వచ్చాక ఆ చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇంజనీరు. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో తిండి వేళలు, నిద్ర వేళలు మారేవి. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, పిల్ల ఏడవకుండా ఎత్తుకుని వీధి చివరిదాకా తిరిగేదాన్ని. మా అమ్మాయి అమ్ము కాలేజీకి వెళ్లాక, ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లతో భిలాయి దగ్గరి నందిని వైపు ఊళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచడం అక్కడి ఆడవాళ్లకు నేర్పేదాన్ని. ఛత్తీస్‌గఢీలో పుట్టగొడుగుని పిహరీ అంటారు. నన్ను “పిహరీవాలీ దీదీ” అని పిలిచేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆయన స్నేహితులొచ్చినప్పుడు, “మా ఆవిడ గొడుగుల డాక్టరండీ” అని పరిచయం చేసేవారు. అందరూ నవ్వేవారు. నేను కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

నందిని ఊళ్లలో నా పని చూసిన ఒకాయన నా పేరు బయటి దేశాల సంస్థ ఒకదానికి ఇచ్చాడు. పేద దేశాల్లోనూ, కమ్యూనిస్టు పాలన పోయిన దేశాల్లోనూ ఉన్న రైతుల దగ్గరికి, పని తెలిసినవాళ్లను కొన్నాళ్లపాటు పంపే సంస్థ అది. నన్ను మాల్డోవా రమ్మన్నారు. ఆ దేశం పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఒకప్పుడు ఊరంతా కలిసి చేసిన సామూహిక వ్యవసాయం పోయి, భూమి ముక్కలై, మగవాళ్లంతా ఇటలీకీ రష్యాకీ కూలికి వెళ్లిపోగా మిగిలిన ఆడవాళ్ల ఊళ్లట అవి. గోధుమగడ్డి ఉంది, ఇళ్ల కింద చల్లటి నేలమాళిగలు ఉన్నాయి, నేర్పేవాళ్లు లేరు.

వెళ్లమన్న మనిషి ఒక్క అత్తయ్యే. కొత్తకోడలిగా ఉన్నప్పుడు, “సదువుకుంటే ఏటి, పప్పులో ఉప్పెయ్యడం తెలీదు” అని పదిమందిలో అన్న మనిషి నూకాలమ్మ. అప్పట్లో ఆ మాటకి చాలా ఏడ్చాను. ఆ రోజు అన్నం తిని, మూతి తుడిపించుకుని, వంకర తిరిగిన నోటితో కూడబలుక్కుంటూ అంది. “ఎల్లిరాయే. మళ్లీ ఎవుడు పిలుత్తాడు నిన్ను? ఈడున్నాడు గదా, సూసుకుంటాడు.” ఆయన ఒప్పుకోక తప్పలేదు. రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు, పని ఉందనడానికి లేదు. పొద్దున్న వచ్చి అత్తయ్యకు ఒళ్లు తుడిచి వెళ్లే దులారీ ఎలాగూ ఉంది.

వెళ్లేముందు ఆయన్ని మంచం దగ్గరికి పిలిచి అన్నీ చూపించాను. ఒకే వైపు పడుకోబెట్టి వదిలేస్తే చర్మం కమిలిపోతుందనీ, కమిలినచోట పుండు పడితే ఇక మానదనీ చెప్పాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి, మెల్లగా పక్కకు తిప్పి, వీపుకు దిండు ఆనించాలి. రాత్రి కూడా లేచి తిప్పాలి. ఆయన సెల్‌ఫోన్లో క్రికెట్ చూస్తున్నారు. “ఫర్నేస్ నడిపినవాణ్ని, అమ్మని అటూ ఇటూ తిప్పలేనా” అన్నారు. ఆ మాటకి అత్తయ్య కూడా నవ్వింది.

మాల్డోవాలో నన్ను ఉంచుకున్న ఆవిడ పేరు వేరా. నాకంటే పదేళ్లు పెద్దది. భర్త ఇటలీలో ఇళ్లు కట్టే పనికి వెళ్లి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడట. మాటలు ఒకరివి ఒకరికి చెప్పడానికి ఊరి టీచరమ్మ ఉండేది. మొదటిరోజు తిన్నాక అలవాటుగా గిన్నెలు తీయబోతే వేరా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మొక్కజొన్న సంకటిలాంటిది వేడివేడిగా వండి, ముందు నాకు పెట్టి, నేను తినడం మొదలుపెట్టాకే తను తిన్నది. నా పెళ్లయ్యాక నేను వండని అన్నం, ఇంకొకరు వడ్డించగా, వేడిగా తినడం ఎన్నిసార్లు జరిగిందో గుర్తు చేసుకోబోయాను. పురుడు పోసుకున్నప్పుడు అమ్మ పెట్టింది ఒకటే గుర్తొచ్చింది. చెంచా కంచంలో పెట్టేశాను. ఉప్పు ఎక్కువైందేమోనని వేరా కంగారుపడింది.

ఊరి ఆడవాళ్లు పదిమంది దాకా వచ్చేవారు. గడ్డి కోసి, వేడినీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, సంచుల్లో విత్తనంతో కలిపి పొరలు పొరలుగా కూరాం. నేను చెప్పింది వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఎవరైనా మధ్యలో మాట్లాడితే పక్కనున్నవాళ్లు ఊరుకోమని సైగ చేసేవారు. మాట పూర్తిగా వినే మనుషుల ముందు మాట్లాడితే నా గొంతే మారిపోయిందని నాకే తెలిసింది. వాక్యం మధ్యలో ఆపి ఎవరి మొహమో చూసుకునే అలవాటు అక్కడ పోయింది.

రోజూ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. “బాగానే ఉంది. పడుకుంది” అనేవారాయన. వీడియోలో చూపించమంటే, నిద్ర చెడగొట్టడం ఎందుకనేవారు. ఒకరోజు వెనకనుంచి అత్తయ్య మూలుగు వినిపించింది. ఏమిటని అడిగితే టీవీ అన్నారు. నేను నమ్మాను. నమ్మాలనిపించి నమ్మానేమో కూడా. మర్నాడు సంచుల మీద తెల్లగా, ఆవగింజలంత పుట్టగొడుగుల మొలకలు కనిపించాయి. వేరా నేలమాళిగ మెట్ల మీద కూర్చుని కొంగులాంటి తలగుడ్డతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషాన్ని తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

రాయ్‌పూర్ విమానాశ్రయానికి ఆయన రాలేదు. మా వీధిలో ఉండే ధర్మారావుగారు కారు తీసుకొచ్చారు. సామాను ఆయనే ఎక్కించారు. ఊరి మొదట్లో వచ్చే భిలాయి-3 పేట దాటాక కారు పక్కకు ఆపి, నా వైపు చూడకుండా చెప్పారు. “మీ అత్తగారు మొన్న పోయారమ్మా. ఫోన్లో చెప్పొద్దన్నాడు సత్యప్రసాద్. ఇంటికెళ్లి గుమ్మంలో తెలుసుకోవడం కన్నా నా నోటితో చెప్పడమే నయమనిపించింది.”

ఇల్లు చుట్టాలతో నిండిపోయి ఉంది. విజయనగరం నుంచి మా ఆడపడుచు లలితాంబ వచ్చింది. పుణె నుంచి అమ్ము వచ్చింది. నేను అప్పటికే బయల్దేరి దారిలో ఉన్నానని, ఫోన్ కలవదని వాళ్ల నాన్న దానికి చెప్పారట. అత్తయ్య మంచం ఖాళీగా ఉంది. తల వైపు దీపం పెట్టారు. లలితాంబ నన్ను చూసి, “వచ్చావా, అందరి పొలాలూ బాగుచేసి” అంది.

స్నానాల గది మూలన బకెట్లో దుప్పట్లు నానబెట్టి మరిచిపోయారు. తీసి ఉతకబోయి, మరకలు చూసి అక్కడే కూర్చుండిపోయాను. వీపు మధ్య, తుంటి దగ్గర. అవి ఎక్కడి మరకలో నాకు తెలుసు. ఐదేళ్లు ఆ ఒంటి మీద ఒక్క మచ్చ పడనివ్వలేదు నేను.

సాయంత్రం ఆయన్ని అడిగాను. దులారీ వరికోతలకని ఊరెళ్లిందట. ఇంకొకరిని పెట్టుకోలేదట. “తిప్పుతుంటే అరిచేది కిరణ్మయీ. అమ్మ అరుస్తుంటే నేను వినలేకపోయాను. కదపకుండా ఉంటే ఊరుకునేది. అందుకే కదపలేదు” అంటూ ఏడ్చారాయన. పుండ్లు పడ్డాక జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. ఆ మనిషి ఏడుస్తుంటే వీపు నిమరాలని నా చెయ్యి లేచింది. అరుస్తుంటే వినడం నాకూ కష్టమేనని, విని కూడా తిప్పేదాన్నని ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో కూర్చున్నారు. ఎవరో, ఆఖరి రోజుల్లో ఆవిడ బాధపడిందా అని అడిగారు.  ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, “కిరణ్మయి ఉండుంటే అమ్మ ఇంకో నాలుగేళ్లు బతికేది” అన్నారు. ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. లలితాంబ నిట్టూర్చి, చదువుకున్న కోడళ్ల గురించి ఏదో మొదలుపెట్టింది. నాకు మాత్రం ఆ మాట వేరేగా వినిపించింది. ఐదేళ్లుగా నేను పగలూ రాత్రీ చేసింది పని కాదన్నట్టే ఉండేవారాయన. అది ఒక మనిషిని బతికించిన పని అని ఇప్పుడు పదిమంది ముందు ఆయన నోటితోనే చెప్పారు. తనేం చెబుతున్నారో ఆయనకే తెలియదు.

మజ్జిగ గ్లాసుల పళ్లెం కింద పెట్టి చెప్పాను. గొంతు పెంచలేదు.

“అవునండీ, నేను లేను. మీరున్నారు.”

లలితాంబ ఆయన వైపు తిరిగింది. ఆయన తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయారు.

నేను లోపలికి వెళ్లి అత్తయ్య మంచం పట్టీ మీద కూర్చున్నాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను, కానీ అది నా మీద పడ్డ నిందకు ఏడ్చిన ఏడుపు. అప్పుడు మొదటిసారి ఆవిడ కోసం ఏడ్చాను. నోరు తిరగక, కదల్లేక, కొడుకు చేతుల్లో అరవడం మానేసి ఊరుకున్న ముసలిదాని కోసం. అమ్ము వచ్చి పక్కన కూర్చుంది. దానికి తెలుగులో ఓదార్చడం రాదు. “మమ్మీ” అని మాత్రం అని, నా భుజం మీద తల పెట్టుకుంది.

చుట్టాలంతా వెళ్లాక, వేరా వాళ్ల పక్క ఊరికి కూడా నేర్పాలి, మార్చిలో మళ్లీ రమ్మని ఆ సంస్థ నుంచి పిలుపు వచ్చింది. రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు వస్తానని జవాబిచ్చి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, కూర తరుగుతూ ఆయనకి ఆ విషయం చెప్పాను. కిందటిసారి అడిగాను. ఈసారి చెప్పాను.